మన సంఘం వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్నది

సభ్యులందరికీ నమస్కారం. దివ్యాంగులైన కాలేజీ పిల్లల చదువుకి అండగా ఉండటానికే సంఘం పెట్టుకున్నామని మీకు చెప్పక్కర్లేదు కాబట్టి ఈ ఏడాది ఏం జరిగింది, ఏం జరగలేదు అన్నది నేరుగా రాస్తున్నాను.

ఈసారి మన దగ్గర పేరు రాయించుకున్న పిల్లలు 23 మంది. చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు, చక్రాల కుర్చీ మీద వచ్చేవాళ్లు, అందరూ విజయనగరం కాలేజీల్లోనే చదువుతున్నారు. సగం మందికి పైగా బొబ్బిలి, గజపతినగరం, చీపురుపల్లి వైపు నుంచి రోజూ బస్సులో వచ్చి వెళ్తారు. కొందరికి సదరం సర్టిఫికెట్ (రాష్ట్రం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) ఉంది గాని యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు) లేదు. ఆ దరఖాస్తులన్నీ మన ఉపాధ్యక్షురాలు గారు దగ్గరుండి పెట్టించారు.

మన శ్రమలో ముప్పాతిక వంతు పరీక్షలకి స్క్రైబ్‌లను, అంటే పిల్లలు చెబుతుంటే జవాబులు రాసిపెట్టేవాళ్లను, వెతకడానికే పోయింది. బయటి నుంచి చూస్తే చిన్న పనిలా ఉంటుంది. డిగ్రీ విద్యార్థికి రాసిపెట్టేవాళ్ల చదువు ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది, అంటే ఇంటర్ పిల్లలు కావాలి. ఇంటర్ పిల్లలకేమో పొద్దున్నుంచి రాత్రి దాకా క్లాసులు, పైన వారం వారం టెస్టులు. వాళ్ల కాలేజీ వదలదు, కాలేజీ వదిలినా ఇంట్లోవాళ్లకి టెన్షన్. తెలుగు పేపరైతే ఇంకా కష్టం. మొదటి సెమిస్టర్‌లో మన అమ్మాయి ఒకరు ఉత్పలమాలకి భ ర న భ భ ర వ అని గడగడా చెప్పేస్తుంటే, పక్కన రాసే పాపకి గురువు గుర్తు ఏదో లఘువు గుర్తు ఏదో తెలియక పెన్ను పట్టుకుని అలా ఉండిపోయిందట. వచ్చిన జవాబుకి మార్కులు పోయాయి. ఆ అమ్మాయి బయటికొచ్చి ఏడ్చింది, రాసిన పాప ఇంకా ఎక్కువ ఏడ్చింది.

పరీక్షకి రెండు రోజుల ముందు స్క్రైబ్‌ని కలుసుకునే వీలు ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. రెండో సెమిస్టర్‌కి దాన్ని గట్టిగా పట్టుకున్నాం. కంటోన్మెంట్‌లో మన రిటైర్డ్ తెలుగు మాస్టారు వాళ్ల వరండాలో జతలు జతలుగా కూర్చోబెట్టి చెప్పించాం, రాయించాం. గణ విభజన, లెక్కల గుర్తులు, పటాలు, ఎక్కడ పేరా ఆపాలి, కొట్టేయమంటే ఎంత మేర కొట్టేయాలి, అన్నీ అక్కడే తేలిపోయాయి. మాస్టారికీ, మూడు పూటలూ కాఫీలిచ్చిన ఆయన శ్రీమతి గారికీ సంఘం రుణపడి ఉంది.

ఇప్పుడు మనసులో ఉన్నది రాయక తప్పదు. మన వాట్సాప్ గ్రూపులో 41 మంది ఉన్నాం. మనిషి కావాలి అని మెసేజ్ పెట్టిన ప్రతిసారీ దండాలు, బొటనవేళ్లు బోలెడు వస్తాయి, తెల్లారి కాలేజీ గేటు దగ్గర చూస్తే ఆ ఆరుగురే. ఒకరోజు వస్తానన్న స్క్రైబ్ రాలేదు, తీసుకొస్తానన్న సభ్యుడి ఫోన్ స్విచాఫ్. చూపు లేని ఆ కుర్రాడు ఎనిమిదిన్నర నుంచి గేటు పక్కన అరుగు మీద కూర్చుని, వచ్చే ప్రతి బండి చప్పుడుకీ తల తిప్పుతూ ఉన్నాడు. చివరికి కోశాధికారి గారి అమ్మాయి తన క్లాసు మానుకుని వచ్చి కూర్చుంది. రాలేకపోతే ముందు రోజు రాత్రి ఒక్క ఫోన్ చేయండి. ఎవరినీ ఏమీ అనం, ఇంకొకరిని చూసుకుంటాం.

అధికారుల సంగతీ అంతే. గంటకి కనీసం 20 నిమిషాలు, అంటే మూడు గంటల పరీక్షకి గంట అదనపు సమయం ఇవ్వాలి. స్క్రైబ్ అర్హత ఉండి కూడా సొంతంగా రాసుకునేవాళ్లకీ ఇది వర్తిస్తుంది. ఒక కేంద్రంలో ‘మాకు ఆర్డర్ రాలేదు’ అని సమయం కాగానే పేపర్ లాగేసుకున్నారు. ఆ మర్నాడు ఉత్తర్వు కాపీ పట్టుకుని వెళ్తే ఇచ్చారు, కానీ ఆ మొదటి పేపర్ పోయినట్టే కదా. ఇప్పుడు ప్రతి విద్యార్థి హాల్ టికెట్‌తో పాటు ఆ కాపీ కూడా కవర్లో పెట్టి ఇస్తున్నాం.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది డిసెంబర్ 3, దివ్యాంగుల దినోత్సవం నాటి సభ. ఎప్పటిలా పెద్దల ఉపన్యాసాలు పెట్టలేదు, మైకు పిల్లలకిచ్చి లెక్చరర్లని ఎదురుగా కూర్చోబెట్టాం. వినపడని బీకామ్ అబ్బాయి కాగితం మీద రాసిస్తే వాళ్లక్క చదివింది: ‘సార్, మీరు బోర్డు వైపు తిరిగి చెబితే మీ పెదాలు నాకు కనబడవు.’ చక్రాల కుర్చీలో వచ్చే అమ్మాయి, కాలేజీలో తను వెళ్లగలిగే బాత్రూమ్ లేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగనని చెప్పింది. హాలంతా నిశ్శబ్దమైపోయింది. చివర్లో చూపు లేని మన అమ్మాయి వయొలిన్ వాయించింది. చూపు సరిగా లేక బడి చదువు ఆగిపోయిన వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1936లో ప్రిన్సిపాల్ అయింది ఈ ఊరి సంగీత కళాశాలకే. ఆ అమ్మాయి వాయిస్తున్నంతసేపూ నాకు అదే గుర్తొచ్చింది.

ఆ సభ ఊరికే పోలేదు. వారం తిరక్కుండా ఒక లెక్చరర్ గారు తన నోట్సంతా పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చారు. అంతా డీటీపీకి వాడే అను ఫాంట్లలో ఉంది. యూనికోడ్ కాదు కాబట్టి ఫోన్‌లో గాని, కంప్యూటర్‌లో తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్‌తో గాని చదివిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలే వినిపించాయి. సంక్రాంతి సెలవుల్లో నలుగురు కూర్చుని 160 పేజీలు యూనికోడ్‌లోకి మార్చి తప్పులు దిద్దారు. ఇలా చదువుకోగలిగే రూపంలోకి మార్చి ఇవ్వడానికి 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ఒప్పుకుంటుంది, ఎవరూ భయపడక్కర్లేదు.

బాత్రూమ్ పని ఇంకా కాలేదు. మూడుసార్లు వినతిపత్రం ఇచ్చాం. ర్యాంప్ మాత్రం కట్టారు, కానీ అడుగున్నర ఎత్తు మెట్లకి నాలుగడుగుల పొడవు కట్టారు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. ఆ ర్యాంప్ మీద కుర్చీని వెనక నుంచి ఇద్దరు తోస్తే గాని ఎక్కదు. ఆ అమ్మాయి క్లాసుని మేడ మీద నుంచి కిందికి మార్పించడం ఒక్కటే సాధించాం.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ గారి సంతకంతో మీ చేతిలో ఉంది. ఎక్కువ ఖర్చు ఆటోలకీ, జిరాక్సులకీ అయింది. నిల్వ కొంచెమే మిగిలింది, చందా బాకీలు ఇవాళ ఇచ్చేస్తే మంచిది.

స్క్రైబ్‌లుగా వచ్చిన ఇంటర్ పిల్లలకి, వాళ్లని పంపిన అమ్మానాన్నలకి, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మన పిల్లల కోసం ఆగి మరీ ఎక్కించుకునే ఆటో తమ్ముళ్లకి, సభ రోజు టిఫిన్లు పంపిన హోటల్ యజమానికి, ఫ్లెక్సీకి డబ్బు తీసుకోని షాపాయనకి, హాలు శుభ్రం చేసిపెట్టిన అమ్మలకి పేరుపేరునా నమస్కారాలు.

వచ్చే సెమిస్టర్‌కి 9 మంది స్క్రైబ్‌లు కావాలి. ఇప్పటికి నలుగురే దొరికారు. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలున్న సభ్యులు వెళ్లేముందు కోశాధికారి గారి దగ్గరున్న పుస్తకంలో పేరూ ఫోన్ నంబరూ రాసి వెళ్లండి. తెలుగు తప్పుల్లేకుండా రాయగలిగితే ఆ మాట కూడా పక్కన రాయండి.

కార్యదర్శి
విజయనగరం