ముందు ఇంజిన్ చూడండి, ఆ తర్వాతే ఫొటో

సంపాదకులకు నమస్కారం.

రాయల్ ఎన్‌ఫీల్డ్ నుంచి రాబోయే బండ్ల గురించి నల్లగొండ గడియారం సెంటర్‌లోనూ, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరా ముచ్చట ఆగడం లేదు. 750 సీసీ వస్తుందట, దసరాకే వస్తుందట, ధర ఇంతేనట. బండ్లంటే ప్రాణమున్నవాళ్లు ఊహించక మానరు, అందులో తప్పేమీ లేదు. పత్రికల్లో ‘త్వరలో’ అని వచ్చే వార్తల్లో ఏది ఏ ఆధారంతో రాశారో ఉండకపోవడమే చిక్కు.

ఊహ ఇంజిన్ దగ్గర మొదలైతే సగం గందరగోళం తీరుతుంది. ఈ కంపెనీ ఒక్కో బండికి ఒక్కో ఇంజిన్ తయారుచేయదు. 349 సీసీ ఇంజిన్ 2020 నవంబరులో మీటియర్‌తో వచ్చింది. అదే ఇంజిన్‌ను 2021 సెప్టెంబరులో క్లాసిక్‌కు, 2022 ఆగస్టులో హంటర్‌కు, 2023 సెప్టెంబరులో బుల్లెట్‌కు పెట్టారు. నాలుగింటిలోనూ శక్తి దాదాపు 20 హార్స్‌పవర్, టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) 27 న్యూటన్ మీటర్లే. 648 సీసీ జంట సిలిండర్ ఇంజిన్ కూడా అంతే. 2018లో ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జీటీలతో మొదలై సూపర్ మీటియర్, షాట్‌గన్, బేర్ మీదుగా 2025 మార్చిలో క్లాసిక్ 650 దాకా నడిచింది. కొత్త 350 బండి 28 హార్స్‌పవర్‌తో వస్తుందని ఎవరైనా రాస్తే, ఇంజినే మారిందన్న ఆధారం చూపాలి. లేదంటే మారేది ట్యాంకు, హ్యాండిల్, సీటు, చక్రాలు, సస్పెన్షన్.

ధర విషయంలో 350 సీసీ గీత గురించి మన దగ్గర చాలామంది పట్టించుకోవడం లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆపైన సెస్సుతో కలిపి 31 శాతం ఉన్నది 40 శాతమైంది. పన్నుకు ముందు రెండు లక్షలుండే బండి గీతకు ఇవతలుంటే 2,36,000, అవతలుంటే 2,80,000. తేడా 44,000. లైఫ్ ట్యాక్స్ కూడా ధర మీద శాతంగానే కడతాం కాబట్టి ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ఇన్సూరెన్సులోనూ ఇదే గీత. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 150 నుంచి 350 సీసీకి 7,365 రూపాయలు, ఆపైన 15,117. అందుకే హిమాలయన్ 450లో ఉన్న 452 సీసీ ఇంజిన్‌తో ఇంకో బండి వస్తుందన్నా, 750 వస్తుందన్నా పాత 31 శాతం లెక్కతో వేసిన ధర చెల్లదు.

ఇక రహస్యంగా తీసిన ఫొటోలు. ఎర్ర ప్లేటు మీద తెల్ల అక్షరాలుంటే అది ట్రేడ్ సర్టిఫికెట్ నంబరు. బండి ఇంకా ఎవరి పేరు మీదా రిజిస్టర్ కాలేదనే దానర్థం, రేపో మాపో షోరూముకు వస్తుందని కాదు. ఇంజిన్ ముందు రేడియేటర్ ఉందా, సైలెన్సర్ పైపు ఒకటే దిగుతోందా, రెండు దిగుతున్నాయా అన్నది చూస్తే ఏ ఇంజిన్ కుటుంబమో తెలుస్తుంది. అద్దాలు, ఇండికేటర్లు, టైర్లు, చివరికి సైలెన్సర్ డబ్బా కూడా పరీక్ష బండిలో తాత్కాలికమే కావచ్చు. వాటిని చూసి తీర్పు చెప్పొద్దు. మా అనుభవంలో ఎక్కువ పనికొచ్చే గుర్తు చీర గార్డు. వెనక మనిషి కూర్చునే బండికి చేతిపట్టు, ఫుట్‌రెస్టు, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 123 చెబుతోంది. ఇవన్నీ అమర్చి తిప్పుతున్నారంటే మన రోడ్లకు సిద్ధం చేస్తున్నారని చాలావరకు అనుకోవచ్చు.

బండ్లను పరీక్షించే పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి సంస్థల అనుమతి పత్రం బయటికొస్తే అది ఫొటో కన్నా గట్టి ఆధారం. అందులో సీసీ, శక్తి, పొడవు, వీల్‌బేస్ (రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం) ఉంటాయి. హంటర్ వీల్‌బేస్ 1,370 మిల్లీమీటర్లు, క్లాసిక్‌ది 1,390, మీటియర్‌ది 1,400. పత్రంలో అంకె దేనికి దగ్గరగా ఉందో చూస్తే కొత్త బండి ఎవరి తోబుట్టువో ఊహించొచ్చు. మైలేజీ, ధర, విడుదల తేదీ మాత్రం దాంట్లో వెతకొద్దు.

కొత్త బండి పేరు ట్రేడ్‌మార్క్‌గా నమోదైందన్న వార్తకు అంత విలువ లేదు. వేరేవాళ్లు వాడకుండా కంపెనీలు పేర్లను ముందే నమోదు చేసి పెట్టుకుంటాయి. ప్రదర్శనలో పెట్టినంత మాత్రాన బండి రాదు. 2018లో ఇటలీలోని మిలాన్ బండ్ల ప్రదర్శనలో చూపించిన 838 సీసీ వీ-ట్విన్ (వి ఆకారంలో రెండు సిలిండర్లున్న) కేఎక్స్ నమూనా ఇప్పటికీ అమ్మకానికి రాలేదు. అదే వేదిక మీద 2021లో చూపిన ఎస్‌జీ650 నమూనా షాట్‌గన్‌గా మారి 2024 జనవరిలో ధరతో వచ్చింది.

ఈ చర్చల్లో మన ప్రాంతానికి కావాల్సిన ప్రశ్నలు వినపడకపోవడం బాధగా ఉంది. మన్ననూరు దాటి శ్రీశైలం వైపు నల్లమలలోకి వెళితే, పంక్చరైన ట్యూబు టైరుకు చక్రం విప్పాలి, ట్యూబు బయటికి తీయాలి. ట్యూబ్‌లెస్ అయితే చక్రం బండికే ఉంచి ప్లగ్గు వేసి, చిన్న పంపుతో గాలి కొట్టుకుని కదలొచ్చు. రాత్రిపూట ఆ అడవి రోడ్డులో రాకపోకలు ఆపేస్తారు కాబట్టి అక్కడ పోయే అరగంట చిన్న విషయం కాదు. స్పోకులున్నంత మాత్రాన ట్యూబు టైరే అనుకోవద్దు. హిమాలయన్ 450కి ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు తర్వాత వచ్చాయి. కాబట్టి కొత్త బండికి ఎలాంటి చక్రాలు, మే ఎండలో 65వ నంబరు రహదారి మీద చౌటుప్పల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇంజిన్ వేడి కాళ్లకు ఎంత తగులుతుంది, క్లచ్ కేబుల్, బ్రేక్ ప్యాడ్లు మన జిల్లాలోనే దొరుకుతాయా అన్నవి రాయండి. టాప్ స్పీడ్ కన్నా ఇవే ముఖ్యం.

మీ ఆటోమొబైల్ పేజీలో రాబోయే బండి గురించి రాసిన ప్రతిసారీ ఆధారం ఫొటోనా, అనుమతి పత్రమా, కంపెనీ ప్రకటనా అన్నది ఒక్క మాటలో చెప్పండి. పక్కనే సీసీ, దానికి పడే జీఎస్టీ శాతం వేయండి. ధర ప్రకటించని బండికి బుకింగ్ పేరుతో ఎవరు డబ్బు అడిగినా ఇవ్వొద్దని, బుకింగ్ రసీదు కంపెనీ అధీకృత డీలరు పేరు మీదే ఉండాలని ఆ వార్త కిందే అచ్చువేయండి.

ఇట్లు,
నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మోటార్‌సైకిల్ ప్రియులు