ముందు చెవిన పడాలి కదా!

సంపాదకులకు నమస్కారం.

ఇచ్ఛాపురంలో మాది బట్టల కొట్టు. సరిహద్దు ఊరు కాబట్టి సగం బేరాలు ఒడియాలోనే. నాకు ఆ భాష ఎవరూ పాఠం చెప్పలేదు. చీర అంచు చేత్తో పట్టుకుని "కేతే?" అంటే ధర అడుగుతున్నారని వేరే చెప్పాలా? నేను చెప్పిన ధరకి ముఖం చిట్లించి ఓ మాట అంటారు, అదీ అర్థమైపోతుంది. వినగా వినగా నోరు తిరిగింది. రాయడం మటుకు ఇప్పటికీ రాదు, అది వేరే సంగతి.

మా మనవడు ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. సైన్సు పుస్తకంలో ఒకే పాఠం ఎదురెదురు పేజీల్లో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుంటాడు, ఇంగ్లీషు పేజీలో జవాబులు బట్టీ పడతాడు. యాక్టివ్ వాయిస్‌ని పాసివ్‌లోకి చకచకా మార్చేస్తాడు. అర్థమయ్యే ఇంగ్లీషు ఓ పది నిమిషాలు వరసగా వాడి చెవిన పడేదెప్పుడు?

మా కోడలు బీఎడ్ చదివింది, ఈ సంగతులు తనే చెప్పింది. మనకు వచ్చిన దానికన్నా ఒక్క మెట్టు పైనున్న భాషను, అర్థమయ్యేలా, వింటూ చదువుతూ ఉంటేనే అది అబ్బుతుందని స్టీఫెన్ క్రాషెన్ అనే అమెరికా పండితుడు అన్నాడట. ఫిజీ పల్లెబడుల్లో 1980ల మొదట్లో 250 కథల పుస్తకాలిచ్చి చదివిస్తే, పిల్లలకు ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం రెట్టింపు వేగంతో వచ్చిందట. వింటే చాలదు, మాట్లాడించాలి అన్నది కెనడా పండితురాలు మెరిల్ స్వెయిన్. అక్కడ ఫ్రెంచిలో ఏళ్ల తరబడి చదువుకున్న ఇంగ్లీషు పిల్లలకు వింటే బాగా అర్థమయ్యేది గానీ, మాట్లాడితే తప్పులు దొర్లేవట. నిజమే, తిరిగి బేరమాడకపోతే నాకు మాత్రం ఒడియా వచ్చేదా? కానీ మన పిల్లలకు ఆ వినడమే లేదే!

అంతదూరం ఎందుకు? మన జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర అనే గిరిజన భాష నేర్చుకోడానికి ఆ భాష, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకున్నారు. సవర భాష మీద ఇంగ్లీషులో ఆయన రాసిన పుస్తకం అచ్చయింది 1931లో, ఎంతో కాలం తర్వాత.

బడివాళ్లను నేను అడిగేది పెద్దదేం కాదు. ఇంగ్లీషు పీరియడ్లో రోజూ ఓ పావుగంట బొమ్మలు చూపిస్తూ ఒక చిన్న కథ ఇంగ్లీషులోనే గట్టిగా చదవండి. దానికి ప్రశ్నలు, మార్కులు వద్దు. పిల్లల చేత కూడా నాలుగు ముక్కలు అనిపించండి. లైబ్రరీ బీరువా తాళం తీసి పుస్తకాలు ఇళ్లకు ఇవ్వండి. చిరిగితే చిరగనివ్వండి.

- ఓ బట్టల కొట్టు యజమాని, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం జిల్లా