టోర్నడో తరువాత మన తూర్పు మార్గం డెలివరీలు: ఖాతాదారులకు మనవి

2021 డిసెంబరు 10, శుక్రవారం రాత్రి అమెరికాలోని పశ్చిమ కెంటకీ మీదుగా పోయిన టోర్నడో పడూకా నగరానికి దక్షిణంగా సాగినందున అక్కడి మా సరుకుల దుకాణానికి ఏ నష్టమూ కలగలేదు. అయితే శనివారాలలో మా వ్యాను తిరిగే తూర్పు మార్గంలోని ఊళ్ళు చాలావరకు దాని దారిలోనే ఉన్నాయి. టెన్నెసీ ఉత్తరపు అంచున పుట్టి, దాదాపు 3 గంటలు నేలను విడవకుండా 165 మైళ్ళకు పైగా నడిచిన ఆ సుడిగాలికి 57 మంది బలయ్యారు. డిసెంబరులో, అందులోనూ చీకటి పడ్డాక, ఇంతటిది వస్తుందని ఇక్కడి పాతకాపులు కూడా అనుకోలేదు.

మేఫీల్డ్‌లో కోర్టు భవనపు గడియార గోపురం కూలింది, చుట్టూ ఉన్న పాత ఇటుక దుకాణాలు కుప్పలయ్యాయి, రాత్రి షిఫ్టు నడుస్తున్న కొవ్వొత్తుల కర్మాగారం పడిపోయి 9 మంది చనిపోయారు. సుడిగాలి ఆ ఊరున్న గ్రేవ్స్ కౌంటీ దాటి, మార్షల్ కౌంటీలో సరస్సు ఒడ్డు ఇళ్ళను ఊడ్చి, ప్రిన్స్‌టన్ దగ్గర విశ్వవిద్యాలయపు వ్యవసాయ పరిశోధన కేంద్రాన్ని ధ్వంసం చేసి, డాసన్ స్ప్రింగ్స్‌లో వీధులకు వీధులనే తుడిచిపెట్టింది. బ్రెమెన్ వంటి చిన్న ఊరి పరిసరాలలోనే 11 మంది పోయారు.

అందువల్ల మా దగ్గర ఉన్న చిరునామాలలో కొన్నింటికి ఇప్పుడు ఇల్లే లేదు. ఇల్లు కోల్పోయి బంధువుల వద్దనో, మోటళ్ళలోనో, స్టేట్ పార్కుల వసతి గృహాలలోనో ఉంటున్నవారు ప్రస్తుత చిరునామా తెలిపితే సరుకులు అక్కడికే తెస్తాము. సంక్రాంతి అరిసెలకు ముందే డబ్బు కట్టి ఇప్పుడు వద్దనుకునేవారికి, కారణం అడగకుండా మొత్తం తిరిగి ఇస్తాము. ఇల్లు కోల్పోయినవారికి మార్చి నెలాఖరు వరకు అరువు కూడా రాసుకుంటాము. ఉచితంగా పంచిపెట్టే స్తోమత మాకు లేదని దాచకుండా చెబుతున్నాము.

బియ్యం, పప్పుల ధరలు పెంచడం లేదు. కానీ తూర్పు మార్గంలో కొనేవారు తగ్గినందున వ్యాను ఖర్చు గిట్టుబాటు కావడం లేదు. కాబట్టి అక్కడ ఇకపై వారం విడిచి వారం మాత్రమే వస్తాము, ఇల్లు నష్టపోనివారి నుంచి 5 డాలర్ల డెలివరీ రుసుము తీసుకుంటాము. ఇది కొందరికి రుచించదని తెలుసు; మార్గం పూర్తిగా మానుకోవడం కంటే ఇదే మేలని తోచింది. ఆర్డర్లు గురువారం సాయంత్రంలోగా పంపగలరు.