వార్షిక నివేదిక: జ్ఞాపకాల గోష్ఠి, దాన్ని మోసిన కొద్దిమంది

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, ఈ సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం. రానివారికి కూడా. నివేదిక వారికీ పంపుతాం, చదువుతారన్న ఆశతోనే.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక మళ్లీ ఏకరువు పెట్టను. ఈ ఏడాది మన పనంతా దాదాపు ఆదివారం సాయంత్రాల జ్ఞాపకాల గోష్ఠి చుట్టూనే తిరిగింది. వయసు పైబడ్డవాళ్లు, వారిలో డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు, వాళ్లను చూసుకునే ఇంటివాళ్లు ఒకచోట కూర్చుని పాత సంగతులు మాట్లాడుకోవడం, అంతే. "కబుర్లకు కూడా ఒక కార్యక్రమమా?" అని కిందటి సమావేశంలో ఒక సభ్యులు అడిగారు. ఆ రోజు టైం లేక ఊరుకున్నాను. ఇవాళ చెబుతాను.

ముసలివాళ్లు గతాన్ని తవ్వుకుంటుంటే ఒకప్పుడు డాక్టర్లు కూడా దాన్ని మతి తప్పుతున్న గుర్తుగానే చూసేవారు. అది చాదస్తం కాదనీ, బతికిన బతుకును ఒకసారి సరిచూసుకోవడమనీ 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు రాశాడు. డిమెన్షియాలో ఎక్కువమందికి వచ్చే రకమైన అల్జీమర్స్‌లో ముందు దెబ్బతినేది కొత్త సంగతిని నిలుపుకునే శక్తి. పొద్దున ఎవరొచ్చి వెళ్లారో గుర్తుండదు గానీ పడుచు వయసు నాటి ముచ్చట్లు చాలాకాలం నిలుస్తాయి. మేము మాట మొదలుపెట్టేది అక్కణ్ణుంచే.

దీనితో జబ్బు తగ్గుతుందా అంటే, తగ్గదు. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టి చూసే కాక్రేన్ సంస్థ 2018 సమీక్ష ఇలాంటి గోష్ఠుల మీద జరిగిన 22 అధ్యయనాలను పరిశీలించి, జీవన నాణ్యతకు, మాటామంతీకి కొంత మేలు ఉండొచ్చని, అదీ చిన్నదేనని, అన్నిచోట్లా ఒకేలా లేదని తేల్చింది. ఇంటివాళ్లను కూడా కూర్చోబెట్టి బ్రిటన్‌లో చేసిన ఒక పెద్ద ట్రయల్‌లో అయితే చూసుకునేవాళ్ల ఆందోళన కాస్త పెరిగింది. ఇది దాచి మెప్పు కొట్టేయడం నాకిష్టం లేదు. అందుకే నెలలో ఒక ఆదివారం ఇంటివాళ్లను పక్కగదిలో విడిగా కూర్చోబెడుతున్నాం. వాళ్లు అక్కడ తిట్టుకుంటారో, ఏడ్చుకుంటారో, వాళ్లిష్టం.

మొదట్లో మేమూ తప్పు చేశాం. ఫొటోలు చూపించి "ఇదెవరో చెప్పండి చూద్దాం" అని అడిగేవాళ్లం. ఒకాయన తన పెళ్లి ఫొటోనే కాసేపు చూసి, బల్ల మీద బోర్లా పెట్టి, ఇంటికి వెళ్లిపోదామన్నారు. మేము మాట్లాడటం లేదు, పరీక్ష పెడుతున్నామని అప్పుడు అర్థమైంది. అప్పట్నుంచి "గుర్తుందా?" అన్న మాట హాల్లో నిషేధం. సగం మనం చెప్పి ఆగుతాం. మిగతా సగం వస్తే వస్తుంది, లేకపోతే మనమే పూర్తి చేస్తాం.

సెప్టెంబర్ 21న, ప్రపంచ అల్జీమర్స్ దినం నాటి సభ గురించి మాత్రం కాస్త గర్వంగానే రాస్తున్నాను. ఒక దంపతులు వచ్చారు. కొన్నేళ్లుగా ఆయనకు జబ్బు. పెళ్లయిన కొత్తలో చేసిన రైలు ప్రయాణం గురించి ఆవిడ అందుకున్నారు: "అర్ధరాత్రి దిగాం. జోరు వాన. స్టేషన్లో లైట్లు కూడా లేవు..." అని ఆగిపోయారు, తర్వాతది ఆవిడకే తట్టలేదు. అప్పటిదాకా మోకాలి మీద వేళ్లతో దరువేస్తున్న ఆయన తలెత్తి, "గొడుగు" అన్నారు. "గొడుగు రైల్లోనే వదిలేశావు." ఆవిడ ఒక్క క్షణం నోరు తెరిచి, "నేనా? మీరు!" అన్నారు. హాలంతా నవ్వులు. ఆ తగువు పది నిమిషాలు నడిచింది. మధ్యలో ట్రంకు పెట్టె రంగు, దాని విరిగిన గొళ్లెం కూడా ఆయనే చెప్పారు. విడివిడిగా అడిగితే ఇద్దరిలో ఎవరూ ఆ కథ మొత్తం చెప్పలేకపోయేవారు. వయసు మళ్లిన దంపతుల్లో ఒకరి మాట ఒకరికి ఇలా ఊతమవడాన్ని జ్ఞాపకశక్తి మీద పరిశోధించే సెలియా హారిస్, జాన్ సటన్ బృందం ఆస్ట్రేలియాలో పరిశీలించింది కూడా.

మరుసటి వారానికి ఆయనకు ఆ సభే గుర్తులేదు. కానీ నేరుగా వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు. విషయం మరిచిపోయాక కూడా దాని తాలూకు సంతోషమో దిగులో అల్జీమర్స్ రోగుల్లో కొంతసేపు మిగులుతుందని 2014లో అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించారు. వారం రోజులు మిగులుతుందని వాళ్లేమీ అనలేదు. కుర్చీ సంగతి మాత్రం నేను కళ్లారా చూసింది.

ఇక చెప్పక తప్పని మాట. వాలంటీర్లుగా పద్దెనిమిది మంది పేర్లిచ్చారు. చివరిదాకా నిలబడింది ఐదుగురు. ఫొటో దిగే రోజున మాత్రం హాలు చాల్లేదు. డిమెన్షియా ముప్పు పెంచేవాటిగా 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ లెక్కగట్టిన 14 అంశాల్లో ఒంటరితనం ఒకటి, వినికిడి లోపం ఒకటి. వినపడనివాళ్ల పక్కన కూర్చుని మాట అందించడానికి మనిషి కావాలి, వాట్సాప్‌లో దణ్ణం గుర్తు చాలదు. చక్రాల కుర్చీలకు ర్యాంపు కోసం సంబంధిత కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం. "పరిశీలనలో ఉంది" అన్నారు. ఈలోగా కుర్చీలు ఎత్తి మోసేదీ ఆ ఐదుగురే.

జమాఖర్చుల పట్టిక జత చేశాం. ఆడిటర్ గారు సంతకం చేశారు. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగగలరు.

హాలు ఉచితంగా ఇచ్చిన గ్రంథాలయం వారికి, సెలవు రోజున కూడా వచ్చి బీపీ చూసిన నర్సమ్మ గారికి, పాత రేడియో, కుట్టుమిషను, ఆల్బమ్‌లు తెచ్చిచ్చినవారికి, కుర్చీలు గుండ్రంగా వేసి మళ్లీ వరసల్లో సర్దిన కాలేజీ పిల్లలకు, ఎన్నిసార్లు ఫోన్ చేసినా విసుక్కోని అధ్యక్షులకు, ఆదివారాలు నన్ను వదిలేసిన మా ఇంట్లోవాళ్లకు కృతజ్ఞతలు. ఎవరి పేరైనా వదిలేసి ఉంటే అది నా మతిమరుపు, మన్నించండి.

హాలు తాళంచెవుల్లో రెండోది కూడా ఇంకా నా దగ్గరే ఉంది. తీసుకునేవారు సమావేశం అయ్యాక నన్ను కలవండి.

కార్యదర్శి