వదంతికి ఏం జవాబిచ్చామో ఏ ఫైల్లోనైనా ఉందా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెలలో ఒక పరిశోధక విద్యార్థిని హనుమకొండలో మా ఇంటికి వచ్చింది. జనంలో ఏదో కుట్ర జరుగుతోందన్న ప్రచారం లేచినప్పుడు ప్రభుత్వ కార్యాలయాలు ఏం చెబుతాయి, ఎప్పుడు చెబుతాయి, ఎవరి చేత చెప్పిస్తాయి అన్నది ఆ అమ్మాయి పీహెచ్‌డీ అంశం. ఆరోగ్య శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన వాణ్ని కాబట్టి నా అనుభవం అడిగింది. అంతకుముందు ఒక జిల్లా కార్యాలయం చుట్టూ నాలుగు నెలలు తిరిగిందట. కరోనా టీకా రోజుల్లో మండలాలకు పంపిన సర్క్యులర్లు చూపమంటే, "అవన్నీ ఇప్పుడెందుకమ్మా, పేపర్లో వచ్చిందే రాసుకో" అన్నారట. దాచాల్సిందేదో ఉండి అలా అని ఉండరు. అసలు ఆ కాగితాలు ఎవరూ తీసిపెట్టలేదని నా అనుమానం. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

2021 మేలో, టీకా వేసుకున్నవాళ్లు రెండేళ్లలో చచ్చిపోతారని ఒక నోబెల్ శాస్త్రవేత్త పేరు మీద వాట్సాప్‌లో మెసేజ్ తిరిగింది. అది అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ నడిపే ఫ్యాక్ట్‌చెక్ విభాగం ఢిల్లీ నుంచి చెప్పింది. మెసేజ్ మా ఏజెన్సీ మండలాల దాకా వచ్చింది, ఖండన మాత్రం రాలేదు. మొదట వెళ్లిన తండాలో "ఏం కాదు, భయపడకండి" అని సూదులు వేసి వచ్చాం. రాత్రికి నలుగురైదుగురికి జ్వరాలు వచ్చాయి. మర్నాడు పోతే ఒక్క తలుపూ తెరుచుకోలేదు. తర్వాతి గూడెంలో మాట మార్చాం. "రాత్రికి జ్వరం వస్తది, ఒళ్లు నొస్తది, ఈ గోలి ఏసుకోండి, పొద్దున మళ్ల మేమే వస్తం" అని ముందే చెప్పాం, చెప్పినట్టే పొద్దున్నే వెళ్లాం. అక్కడ రెండో డోసుకు ఎవరినీ బతిమాలాల్సిన అవసరం రాలేదు.

అబద్ధం చేరకముందే మనిషిని సిద్ధం చేస్తే అది అంతగా అంటుకోదని 1960లలోనే విలియం మెక్‌గైర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పాడని, దాన్ని ఆయన టీకాతోనే పోల్చాడని ఆ అమ్మాయి చెబితే తెలిసింది. మేం తండాలో దెబ్బతిని నేర్చుకున్నాం. నేర్చుకున్నది ఆఫీసు దాకా పోలేదు. మేం నింపిన ఫారంలో ఎన్ని డోసులు వేశామో రాయడానికి గడి ఉంది, జనం ఎందుకు వద్దన్నారో రాయడానికి గడి లేదు.

జనం అనుమానం ఊరికే పుట్టదు. మంగపేట వైపు ఒక ముసలమ్మ నన్ను నిలదీసింది: "భద్రాచలం పిల్లల సంగతి మర్సిపోయిన్రా సారూ?" గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా మీద 2009లో అమెరికా సంస్థ పాత్, మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కలిసి అప్పటి ఖమ్మం జిల్లాలో చేపట్టిన ప్రాజెక్టు గురించి ఆమె మాట్లాడుతోంది. పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు, అందులో హాస్టళ్లలో ఉన్న గిరిజన బాలికలకు కూడా, సూదులు వేశారు. ఇక్కడా గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపేసింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ తేల్చింది. కానీ చాలా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారన్నదీ బయటపడింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే, నా మనవరాలికీ వేయిస్తాను. అయితే ఆ ముసలమ్మను 'వదంతులు నమ్మే మనిషి' అని ఏ నోటితో అనను? పన్నెండేళ్లలో ఆ గూడెం గడప ఎక్కి జరిగింది ఇదీ అని చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

ఒక్కోసారి కుట్ర మాట కార్యాలయం నుంచే వస్తుంది. 2023 అక్టోబర్ 21న గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగినప్పుడు, ఇది విద్రోహ చర్య కావచ్చని ఇంజినీర్లే మహదేవ్‌పూర్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. రెండు వారాలు తిరక్కుండానే జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ ప్రణాళిక, డిజైన్, నాణ్యత లోపాలను ఎత్తిచూపింది. తన తప్పు ఉండొచ్చేమో చూసుకోకముందే ఆఫీసే కుట్ర అంటే, రేపు ఊళ్లో వాళ్లు అలా అన్నప్పుడు మందలించే హక్కు దానికెక్కడిది?

చేయగలిగిన చోట చేసినవాళ్లూ ఉన్నారు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న పుకారుకు నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ మండలంలో ఒక మనిషిని కొట్టి చంపారు. అదే రోజుల్లో గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరికీ ఒక కానిస్టేబుల్‌ను అప్పగించి, డప్పులతో, పాటలతో జనానికి విడమరిచి చెప్పించారు. ఊరి వాళ్లకు ఫోన్ చేసి అడగడానికి తెలిసిన పోలీసు ఒకరు ఉండేవారు. అది ఎలా చేశారు, ఎక్కడ పనిచేసింది, ఎక్కడ చేయలేదు అన్నది మన జిల్లాల అధికారులకు చదువుకోవడానికి తెలుగులో దొరకాలి కదా.

సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. నిర్ణయాలకు కారణాలు, ఆ నిర్ణయాల ప్రభావం పడేవాళ్లకు ఎవరూ అడగకుండానే చెప్పాలని దాని 4వ సెక్షనే అంటోంది. కాబట్టి కలెక్టర్లను నేను కోరేది పెద్ద విషయమేం కాదు. వదంతి వచ్చిన ప్రతిసారీ ఏ రోజు తెలిసింది, ఏం చెప్పాం, ఎవరు వెళ్లి చెప్పారు, జనం ఏమన్నారు అన్నది ఒక రిజిస్టర్‌లో రాయించండి. పరిశోధన చేసే పిల్లలు వస్తే కూర్చోబెట్టి చూపించండి. కాకతీయ విశ్వవిద్యాలయం ఇలాంటి అంశాలు తీసుకున్న విద్యార్థులకు ఒక పరిచయ లేఖ ఇచ్చి, శాఖాధికారులతో ముందే మాట్లాడి పెడితే వాళ్లకు నాలుగు నెలలు గుమ్మాల దగ్గర పోవు.

టీకాలు వేసిన ఆ 2021లో నేను సొంతంగా రాసుకున్న నోటుపుస్తకాలు మూడు ఉంటే ఆ అమ్మాయికి ఇచ్చి పంపాను. ఏటూరునాగారం, తాడ్వాయి, మంగపేట వైపు పనిచేసిన ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు నాకంటే ఎక్కువ చూశారు. వాళ్లలో చాలామంది ఇప్పుడు రిటైరవుతున్నారు.

– విశ్రాంత హెల్త్ సూపర్‌వైజర్, హనుమకొండ