నెండ్ర గడ్డి ఉన్న బీడులో గుంతలు తవ్వకండి

సంపాదకులకు,

తొలకరి పడగానే ఊరూరా మొక్కల కోసం గుంతలు తవ్వే పని మొదలవుతుంది. చెట్టూ చేమా లేని మొరం గుట్టలు, వాటి కింది వాలు నేలలే ముందుగా అధికారుల కంట పడతాయి. రెవెన్యూ దస్త్రాల్లో అవి బంజర్లు. రాయలసీమలోనూ పాలమూరు వైపూ అలాంటి నేలల్లో చాలాచోట్ల ఇంకా నెండ్ర గడ్డి మిగిలి ఉంది. అది ఉన్న చోట గుంత తవ్వితే ఉన్న గడ్డి పోతుంది, నాటిన మొక్క కూడా దక్కదు.

నెండ్ర, శాస్త్రీయంగా సెహిమా నెర్వోసమ్, మన సొంత గడ్డి. కుదురు కట్టి ఏళ్ల తరబడి బతుకుతుంది. మోకాలి నుంచి నడుం ఎత్తు దాకా లేస్తుంది. సన్నని కాడ చివర ఒక్కటే కంకి, 7 నుంచి 12 సెంటీమీటర్ల పొడవున కాస్త వంగి ఉంటుంది. దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే గింజలు జంటలుగా కనిపిస్తాయి. ఒకదానికి పొడుగాటి మీసం ఉంటుంది. పక్కది పొట్టి కాడ మీద పలచగా, పచ్చటి ఈనెలు తేలి ఉంటుంది. ఆ ఈనెలే దాని గుర్తు. గడ్డిభూముల శాస్త్రవేత్తలు దబడ్ఘావ్, శంకరనారాయణ్ 1973లో దేశంలోని గడ్డిభూములను అయిదు రకాలుగా విభజించినప్పుడు, దక్కను పీఠభూమి రకానికి నెండ్ర పేరునూ, డైకాంథియం అనే మరో గడ్డి పేరునూ కలిపి సెహిమా-డైకాంథియం అని పేరు పెట్టారు. ఇక్కడి నేల సహజంగా మోసే పంట ఇదే అని మా అభిప్రాయం. అడవి నరికేశాక మిగిలిన ఖాళీ స్థలంగా దీన్ని చూడడం పొరపాటు.

గుంత ఎందుకు చేటు? 45 సెంటీమీటర్ల గుంత తవ్వితే ఆ మేర కుదుళ్లు వేళ్లతో సహా లేచిపోతాయి, పైకి పోసిన మొరం చుట్టూ ఉన్న వాటిని కప్పేస్తుంది. జేసీబీతో కందకాలు తీస్తే నష్టం ఇంకా ఎక్కువ. నెండ్రకు నిండు ఎండ కావాలి, మొక్కలు బతికి గుబురైతే ఆ నీడలో పలచబడుతుంది. నిజానికి 500, 600 మిల్లీమీటర్ల వాన పడే చోట, అడుగు లోతులో రాయి తగిలే నేలలో చాలా మొక్కలు రెండో వేసవి దాటవు. అప్పుడు కదిలిన ఆ మట్టిలో మొలిచేవి వయ్యారిభామ, సర్కారు తుమ్మ. గొర్రెలు తుమ్మకాయ తిని పెంటికలతో విత్తనం చల్లుతాయి కాబట్టి నాలుగైదేళ్లలో బీడంతా ముళ్లే.

పశువుల మేత కూడా అదుపు తప్పితే చేటే. బీడు ఏ స్థితిలో ఉందో గడ్డిని చూసి చెప్పవచ్చు. నెండ్ర నిండుగా ఉంటే బీడు బాగుంది. మేపు ఎక్కువై, ఏటా మంట పెడుతుంటే ముందు తగ్గేది అదే. దాని చోటును హెటెరోపోగాన్ అనే ముల్లుగడ్డి ఆక్రమిస్తుంది. ముదిరాక మీసాలన్నీ తాడులా పెనవేసుకుపోయి, బట్టలకూ గొర్రెల మూతులకూ గుచ్చుకునేది ఇదే. లేతగా ఉన్నప్పుడు ఇదీ మంచి మేతే, ముల్లు రాకముందే కోయాలి. ఇంకా దిగజారితే చీపురుగడ్డి, ఆ తర్వాత వానాకాలం దాటని పొట్టి గడ్డి, చివరికి ఉత్త గులకరాయి. ముల్లుగడ్డి దశ దాకా అయితే విశ్రాంతి ఇస్తే చాలు, కుదుళ్లు ఇంకా మిగిలి ఉంటాయి కాబట్టి నెండ్ర తిరిగి వస్తుంది. చీపురుగడ్డి దశ దాటిందంటే విత్తనం వేయక తప్పదు.

ఆ పని ఇలా చేయాలి. అక్టోబరు, నవంబరులో కంకి గడ్డిరంగుకు మారగానే చేత్తో దూయాలి. అన్నీ ఒకేసారి పండవు, పండినవి నిలవవు, గాలికి రాలిపోతాయి. అందుకే నాలుగైదు రోజులకోసారి మళ్లీ తిరగాలి. దూసిన దాంట్లో తాలు ఎక్కువ. గోటితో నొక్కి, లోపల గట్టిగా తగిలితేనే గింజ ఉన్నట్టు. కొత్త విత్తనం వెంటనే మొలవదు. గోనె సంచిలో పొడిగా జూన్ దాకా నిల్వ ఉంచాలి. మీసాల వల్ల ఉండ చుట్టుకుపోయి సమంగా పడదు, తేలిక కాబట్టి గాలికి ఎగిరిపోతుంది. ఒక పాలు విత్తనం, ఒక పాలు పేడ, మూడు పాళ్లు బంకమన్ను, ఒక పాలు ఇసుక కలిపి చిన్న గోళీలుగా చేసి నీడలో ఆరబెడితే ఆ బాధ తప్పుతుంది. హెక్టారుకు అయిదారు కిలోల విత్తనం చాలు. నేలను దున్నకూడదు. గుంటకతో పైపైన గీరి చల్లాలి. సెంటీమీటరు లోతు దాటితే మొలక పైకి రాదు.

విత్తనం దొరక్కపోతే పాత కుదుళ్లను విడదీసి, రెండు మూడు పిలకలున్న ముక్కలను పైన 15 సెంటీమీటర్లు ఉంచి కత్తిరించి, జూలైలో నేల బాగా తడిసిన రోజున 50 సెంటీమీటర్ల ఎడంతో నాటవచ్చు. హెక్టారుకు 40,000 ముక్కలు కావాలి, కూలి ఖర్చు ఎక్కువ. చిన్న చెలకలకైతే సరే. సర్కారు తుమ్మను నేలమట్టానికి నరికితే రెట్టింపు పిలకలు వేస్తుంది, వేరు మొదలు కిందకి తవ్వి తీయాల్సిందే.

మొదటి ఏడాది మంద దిగకూడదు. గింజ రాలాక, నవంబరులో, 10 సెంటీమీటర్ల మోడు ఉంచి కోసుకోవచ్చు. రెండో ఏడాది నుంచి బీడును నాలుగు భాగాలు చేసి, ఏటా ఒక భాగానికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా విశ్రాంతి ఇవ్వాలి. బాగున్న బీడుకైనా హెక్టారుకు అయిదారు గొర్రెలకు మించితే మళ్లీ మొదటికొస్తుంది. కంచె వేసి మందను పూర్తిగా ఆపేయమనడం మాత్రం మాకు సమ్మతం కాదు. గొర్లకాపరుల బతుకు అటుంచినా, అసలు మేపే లేకపోతే ఎండుగడ్డి పేరుకుపోయి కొత్త పిలకలకు వెలుతురు అందదు.

ఇది పక్షులకూ వర్తిస్తుంది. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడును 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 614 హెక్టార్లు. ఆ పిట్ట సాధారణంగా ఒక్కటే గుడ్డు, అదీ నేల మీదే పెడుతుంది. గుడ్డుకు చాటుగా గడ్డి కావాలి, మగపక్షి గంతులేసి కనబడడానికి పొట్టి గడ్డి ఉన్న ఖాళీ చోటూ కావాలి. చెట్లు నాటితే రెండూ పోతాయి. కాకులకూ గద్దలకూ కూర్చోడానికి కొమ్మ దొరుకుతుంది. కృష్ణజింకకూ తోడేలుకూ కూడా అడవి కన్నా ఈ బయలే ఇష్టం.

మరి మొక్కలు ఎక్కడ నాటాలి? ఇళ్ల దగ్గర, బడి ఆవరణలో, చెరువు కింద, పొలం గట్ల మీద, రోడ్ల వెంట చోటు చాలానే ఉంది. బీడుల సంగతికొస్తే, స్థలాల ఎంపిక ఇప్పుడు వేసవిలో జరుగుతోంది. అప్పటికి గడ్డి మోడై ఉంటుంది, తెలిసినవాళ్లు కూడా నెండ్రను గుర్తుపట్టలేరు. ఆ పరిశీలన అంతకు ముందరి అక్టోబరులోనే, కంకి ఉండగా, మంద తోలే ఒక కాపరిని వెంట తీసుకెళ్లి చేయాలి. నెండ్ర కనిపించిన సర్వే నంబర్లను మొక్కల జాబితా నుంచి తీసేసి, ఆ పనిదినాలను ఉపాధి హామీ కింద తుమ్మ వేళ్లు తీయడానికీ గడ్డి విత్తనం దూయడానికీ మళ్లించాలని రెండు రాష్ట్రాల గ్రామీణాభివృద్ధి, అటవీ శాఖలను కోరుతున్నాం.

— గడ్డిభూముల మీద పనిచేస్తున్న కొందరు, నంద్యాల జిల్లా