జైలుకు పళ్లు తీసుకెళ్లేవారు జామీనుకూ నిలబడాలి

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళంలో మా చర్చి సంఘం స్త్రీలం కొందరం ప్రతి డిసెంబరులోనూ అనుమతి తీసుకుని దగ్గర్లోని సబ్ జైలుకు వెళతాం. అరటిపళ్లు, రొట్టెలు, దుప్పట్లు పంచి, రెండు పాటలు పాడి, ప్రార్థన చేసి వచ్చేస్తాం. నేను ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేసినప్పటి నుంచి ఇది తప్పలేదు. కిందటి డిసెంబరులో ఒక కుర్రవాడు దుప్పటి అందుకుని, "అమ్మగారూ, నాకు బెయిలు వచ్చి నలభై రోజులైంది. జామీను ఉండేవాళ్లు లేరు" అన్నాడు. ఇన్నేళ్లుగా మేము పాడిన పాటలు విని ఊరుకున్నవాళ్లలో ఇలాంటివారు ఎంతమంది ఉన్నారోనని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అతనిది పాతపట్నం దాటాక పర్లాకిమిడి వైపు ఒక పల్లె. ఇక్కడ ఇటుకల బట్టీలో కూలీ. మోటారు వైరు దొంగిలించాడని కేసు. తలా పదివేలకు ఇద్దరు స్థానిక జామీనుదారులను చూపమని కోర్టు ఉత్తర్వు. తండ్రికి ఎకరం పొలం ఉంది గానీ అది ఒడిశాలో ఉంది. ఆ కాగితాలు ఇక్కడ పనికిరాలేదు.

1978లో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇలాంటి బాధే వచ్చింది. మధ్యప్రదేశ్‌లో మోతీరాం అనే తాపీమేస్త్రీని పదివేల పూచీకత్తు అడిగారు. సోదరుడు జామీనుకు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు తోసిపుచ్చారు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టారు. బస్తరులోనో పోర్టుబ్లెయిరులోనో అరెస్టయిన ఆంధ్రుడు అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కడి నుంచి తెస్తాడని అడిగారు. వలస పోయి బతికే మన జిల్లాకు ఈ ప్రశ్న అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది? 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకు వెళ్లి పాకిస్థాన్‌కు చిక్కిన మన తీరపు మత్స్యకారులు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. అన్నాళ్లూ వారి ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో ఆ పల్లెలను అడగండి. పరాయి చోట చెరలో పడ్డవాడి తల్లి ఏ వైపు మనిషైనా తల్లే.

ఇది ఒక్క కుర్రవాడి సంగతీ కాదు. 2022 చివరి జాతీయ లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నేరం రుజువు కానివారు నూటికి డెబ్బై అయిదుగురికి పైనే.

చట్టం వీరిని మరచిపోలేదు. 1987 న్యాయ సేవల చట్టం కింద నిర్బంధంలో ఉన్న ప్రతి వ్యక్తికీ ఉచితంగా న్యాయవాదిని పొందే హక్కుంది. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతిని చెప్పే, 2024 జులై నుంచి అమల్లో ఉన్న నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, గతంలో శిక్ష పడని వ్యక్తి గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపితే బాండుపై విడుదల చేయాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవారికీ ఇది వర్తించదు. బెయిలు వచ్చి ఏడు రోజులైనా బయటికి రాని ఖైదీ సంగతిని జైలు అధికారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నెల దాటినా జామీను చూపలేకపోతే షరతు సడలించే విషయం కోర్టే చూడవచ్చని కూడా చెప్పింది. పేద విచారణ ఖైదీల బెయిలు కోసం సొమ్ము ఇచ్చే కేంద్ర పథకం ఉంది. మన వైపు గంజాయి మూట మోసి పట్టుబడిన కూలీలకు మాత్రం అది అందదు.

ఇన్ని ఉన్నా ఆ కుర్రవాడు నలభై రోజులు ఎందుకు ఉండిపోయాడు? అతని తరఫున తిరిగే మనిషి లేక. చివరికి మా సంఘం నుంచి నేనూ, మరొకరూ జామీను ఉన్నాం. ఇంటి పన్ను రసీదు, ఆధార్, రెవెన్యూ ధ్రువపత్రం అంటూ ఒక కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగాం. వాడు పారిపోతే పదివేలూ నువ్వే కట్టాలమ్మా అని మా అబ్బాయి భయపడ్డాడు. ఆ భయం న్యాయమైనదే. ముద్దాయి మీకెలా తెలుసని కోర్టులో అడిగితే, జైల్లో దుప్పటి ఇచ్చినప్పుడు తెలిసిందని చెప్పాను. అతను ఇప్పటికి మూడు వాయిదాలకు వచ్చాడు. ప్రతి వాయిదాకు రెండు రోజుల ముందు ఫోను చేసి గుర్తు చేస్తున్నాం.

ఈ పని భక్తులు చేయగలరు. ఊరూరా చర్చి ఉంది, గుడి కమిటీ ఉంది, దర్గాకు వచ్చేవారున్నారు. వాయిదా తేదీ గుర్తు చేయడానికీ, ఇంటికి కబురు చేర్చడానికీ ఇంతకన్నా దగ్గరి మనుషులు ఎవరున్నారు? చెరసాలలో ఉన్నవారిని చూడబోవడం సువార్త మాకు చెప్పిన పని. బందీల విడుదలకు జకాత్ సొమ్ము వెచ్చించవచ్చని ముస్లిం సోదరులకు తెలుసు. గోల్కొండ చెరలో ఉన్న రామదాసు కోసం రామలక్ష్మణులే వచ్చి తానీషాకు బాకీ చెల్లించి రసీదు తీసుకున్నారన్న కథ వినని తెలుగువారు లేరు. ఆ కథ చెప్పుకుని కన్నీరు పెట్టుకునే ఊళ్లో బెయిలు వచ్చినవాడు జామీను లేక లోపల ఉండడం నాకు తట్టుకోలేని విషయంగా ఉంది.

ఉగాండాలో ఏళ్ల తరబడి విచారణ కోసం ఎదురుచూసే ఖైదీల కోసం అమెరికాలోని పెప్పర్‌డైన్ క్రైస్తవ విశ్వవిద్యాలయం నుంచి న్యాయ విద్యార్థులు, న్యాయవాదులు జైళ్లకు వెళ్లి, స్థానిక న్యాయవాదులతో కలిసి కేసు కాగితాలు సిద్ధం చేశారు. అది మనం నేర్చుకోదగ్గది. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గించే పద్ధతిని కూడా వారు అక్కడ ప్రోత్సహించారు. అది మాత్రం నాకు మింగుడు పడదు. మగ్గిపోయినవాడు ఇంటికి పోవాలన్న ఆత్రంలో చేయని నేరాన్నీ ఒప్పుకుంటాడు.

మా సంఘం వారికీ ఒక మాట చెప్పాలి. సాయం అందుకున్నవాడు ప్రార్థనకు రావాలని ఆశించకూడదు. అతని మతం అడగకూడదు. జామీను కాగితంతో పాటు కరపత్రం ఇవ్వకూడదు. అలా చేస్తే ఆ పని దేవుడిదీ కాదు, న్యాయానిదీ కాదు. ఫిర్యాదుదారు కూడా పేదవాడే కావచ్చు, అతన్ని రాజీకి ఒత్తిడి చేయడం మన పని కాదు.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు నా విన్నపం ఒక్కటే. బెయిలు వచ్చీ జామీను లేక ఉండిపోయిన ఖైదీల జాబితాను ప్రతి నెలా తయారుచేసి, ముందుకొచ్చే సంఘాలకు ఇవ్వండి. మా యువకులకు పారాలీగల్ వాలంటీర్లుగా, అంటే న్యాయ సహాయం అందేలా తోడ్పడే కార్యకర్తలుగా, శిక్షణ ఇవ్వండి. మీ పత్రిక ఉచిత న్యాయ సహాయం నంబరు 15100ను రోజూ ఒక మూల అచ్చువేస్తే, జైలు గేటు దగ్గర నిలబడి ఎవరిని అడగాలో తెలియని తల్లులకు దారి దొరుకుతుంది. మా సంఘంలో ఇంటి పన్ను రసీదులతో ఆరుగురం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
శ్రీకాకుళం